డౌన్‌లోడ్ చేసిన సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చా? విండోస్ హెచ్చరికలు అసలు చెప్పేదేమిటి

రార్ ఫైల్ తెరవాలి. పెళ్లి వీడియో సైజు తగ్గించాలి. మూడొందల ఫొటోలకి ఒకేసారి పేర్లు మార్చాలి. ఇంట్లో కంప్యూటర్ ఉన్నాక ఇలాంటి పనులు తగులుతూనే ఉంటాయి. వీటికోసం వేలు పోసి పెద్ద ప్యాకేజీలు కొనక్కర్లేదు. ఒకరో, ఒక చిన్న బృందమో ఏళ్ల తరబడి ఓపిగ్గా నడుపుతున్న సెవెన్-జిప్, హ్యాండ్‌బ్రేక్, ఇర్ఫాన్‌వ్యూ లాంటివి ఈ పనులన్నీ చక్కగా చేసిపెడతాయి.

చిక్కల్లా వాటిని వేసుకునేటప్పుడే. ఫైల్ మీద డబుల్ క్లిక్ చేయగానే తెర మీద నీలం డబ్బా వస్తుంది: విండోస్ మీ పీసీని కాపాడింది, ఈ యాప్‌ని గుర్తుపట్టలేదు అని. కొందరు భయపడి ఫైల్ డిలీట్ చేసేస్తారు. ఇంకొందరు ‘మోర్ ఇన్ఫో’, ఆ తర్వాత ‘రన్ ఎనీవే’ నొక్కేసి, ఏ ఫైల్‌కైనా అదే అలవాటు చేసుకుంటారు. ఈ రెండో అలవాటే ఎక్కువ ప్రమాదం. నీలం డబ్బా, పసుపు గీతతో వచ్చే అనుమతి కిటికీ, యాంటీవైరస్ అరుపు, ఈ మూడూ ఒకే మాట చెబుతున్నాయనుకోవడం దగ్గరే గందరగోళం మొదలవుతుంది. నిజానికి ఒక్కొక్కటి ఒక్కో ప్రశ్నకి జవాబు చెబుతుంది. ఏది దేనికి జవాబో తెలిస్తే, ఏ ఫైల్ ఉంచాలో ఏది తీసేయాలో మీరే తేల్చుకోవచ్చు.

నీలం డబ్బా ఏం చూస్తుంది

దాని పేరు స్మార్ట్‌స్క్రీన్. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది విండోస్‌లోనే కలిసి వస్తోంది. మీరు ఫైల్ తెరిచినప్పుడు ఆ ఫైల్ హ్యాష్‌ని, అంటే దాని లోపలి ప్రతి బైట్‌నీ లెక్కలోకి తీసుకుని తయారుచేసిన గుర్తుని, దాని మీద సంతకం ఉంటే ఆ సంతకాన్ని మైక్రోసాఫ్ట్ సర్వర్‌తో పోల్చి చూస్తుంది. చెడ్డదని ముందే తెలిసిన ఫైల్ అయితే ఆపేస్తుంది. చాలామంది దించుకున్నా ఏ గొడవా రాని ఫైల్ అయితే చప్పుడు చేయకుండా వదిలేస్తుంది. ఈ రెండూ కానప్పుడు, అంటే ఆ ఫైల్ గురించి తనకేమీ తెలియనప్పుడు, నీలం డబ్బా వస్తుంది.

అందుకే చిన్న డెవలపర్లకి ఇది తీరని బాధ. సంతకం లేని ప్రోగ్రామ్ కొత్త వెర్షన్ విడుదలైన ప్రతిసారీ హ్యాష్ మారిపోతుంది. పాత వెర్షన్‌కి వచ్చిన మంచిపేరు కొత్తదానికి రాదు. పదేళ్లుగా నిక్కచ్చిగా నడుస్తున్న ప్రోగ్రామ్ కూడా విడుదలైన మొదటి రోజుల్లో ఊరూ పేరూ లేని ఫైల్‌లాగే కనిపిస్తుంది. కాబట్టి బాగా తెలిసిన ప్రోగ్రామ్ తాజా వెర్షన్‌కి నీలం డబ్బా వస్తే కంగారుపడనక్కర్లేదు. రెండేళ్ల నాటి వెర్షన్ అని చెప్పుకునే ఫైల్‌కి వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగండి. అన్నాళ్లుగా లోకంలో తిరుగుతున్న ఫైల్‌ని స్మార్ట్‌స్క్రీన్ ఎందుకు ఎరగదు? అది మార్చేసిన కాపీ అయ్యే అవకాశం ఉంది.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. స్మార్ట్‌స్క్రీన్ ప్రతి ఫైల్‌నీ పట్టించుకోదు. బ్రౌజర్ ఇంటర్నెట్ నుంచి ఫైల్ దించినప్పుడు దానికి కంటికి కనిపించని చిన్న చీటీ తగిలిస్తుంది. ఫైల్ ఇంటర్నెట్ నుంచి వచ్చిందని, చాలాసార్లు ఏ చిరునామా నుంచి వచ్చిందో కూడా అందులో ఉంటుంది. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిస్తే, జనరల్ ట్యాబ్ అడుగున ఈ ఫైల్ వేరే కంప్యూటర్ నుంచి వచ్చిందని ఒక వాక్యం, పక్కన ‘అన్‌బ్లాక్’ అనే గడి కనిపిస్తాయి. అది ఆ చీటీ ఉన్నట్టు గుర్తు. చీటీ ఉన్న ఫైల్‌నే స్మార్ట్‌స్క్రీన్ ఆపి చూస్తుంది.

ఈ చీటీ ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లోనే నిలుస్తుంది. పెన్‌డ్రైవ్‌లు ఎక్కువగా ఫ్యాట్32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఉంటాయి. అందులోకి కాపీ చేయగానే చీటీ రాలిపోతుంది. స్నేహితుడి పెన్‌డ్రైవ్‌లోంచి తెచ్చుకున్న ఫైల్ ఏ హెచ్చరికా లేకుండా తెరుచుకోవడానికి కారణం ఇదే. అంతమాత్రాన దాన్ని ఎవరూ పరీక్షించి పాస్ చేసినట్టు కాదు. జిప్ ఫైళ్లలోనూ ఇదే లొసుగు ఉంది. విండోస్‌తో విప్పితే లోపలి ఫైళ్లకి చీటీ పాకుతుంది. సెవెన్-జిప్‌కి ఈ సదుపాయం 2022లో వచ్చింది గానీ, మామూలుగా ఆపేసి ఉంటుంది. టూల్స్ మెనూలో ఆప్షన్స్, అందులో సెవెన్-జిప్ ట్యాబ్‌లోకి వెళ్లి జోన్ ఐడీ వరసలో ‘యెస్’ పెట్టుకోండి. ఒక్కసారి చేస్తే చాలు.

చీటీ వల్ల చిన్న ఇబ్బందులూ ఉన్నాయి. సీహెచ్‌ఎం రకం హెల్ప్ ఫైల్ తెరిస్తే ఎడమ పక్కన విషయసూచిక వస్తుంది, కుడి పక్కన ఖాళీ పేజీ కనిపిస్తుంది. ప్లగిన్ లోడ్ కాలేదని కొన్ని ప్రోగ్రాములు మొరాయిస్తాయి. ఫైల్ నమ్మదగినదని తేలాక, జిప్ విప్పకముందే ఆ జిప్ ప్రాపర్టీస్‌లో ‘అన్‌బ్లాక్’ టిక్ పెట్టి, తర్వాత విప్పండి. విప్పాక ఒక్కో ఫైల్‌కీ విడివిడిగా చేసే తిప్పలు తప్పుతాయి.

విండోస్ 11 ఉన్న కొత్త కంప్యూటర్లలో స్మార్ట్ యాప్ కంట్రోల్ అనే ఇంకో కాపలా ఉండొచ్చు. అది ఆపితే ‘రన్ ఎనీవే’ బటన్ కూడా కనబడదు. అది ఆన్‌లో ఉందో లేదో విండోస్ సెక్యూరిటీలోని యాప్ అండ్ బ్రౌజర్ కంట్రోల్ పేజీలో కనిపిస్తుంది.

సంతకం ఉంటే మంచిదా, లేకపోతే చెడ్డదా

ప్రోగ్రామ్‌ని ఇన్‌స్టాల్ చేయబోతుంటే అనుమతి అడిగే కిటికీ వస్తుంది. పైన నీలం ఉండి ప్రచురణకర్త పేరు కనిపిస్తే ఫైల్‌కి సరైన డిజిటల్ సంతకం ఉందని అర్థం. పసుపు ఉండి ప్రచురణకర్త తెలియదని వస్తే సంతకం లేదు. అనుమతి ఇవ్వకముందే చూడాలంటే ఫైల్ ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ ట్యాబ్ తెరిచి, పేరు ఎంచుకుని ‘డీటెయిల్స్’ నొక్కండి. సంతకం సరిగ్గా ఉందన్న వాక్యం పైనే ఉంటుంది. ఆ ట్యాబే లేకపోతే సంతకం లేనట్టే.

సంతకం చెప్పేవి రెండే మాటలు: ఫైల్ ఫలానావారి చేతి నుంచి వచ్చింది, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు. ఆ ఫలానావారు మంచివాళ్లో కాదో అది చెప్పదు.

సంతకానికి వాడే సర్టిఫికెట్ ఉచితంగా రాదు. మామూలుగా ఏడాదికి వందల డాలర్లలో ఖర్చవుతుంది. 2023 జూన్ నుంచి సంతకం చేసే దాని రహస్య కీని ప్రత్యేకమైన హార్డ్‌వేర్‌లోనే భద్రపరచాలన్న నిబంధన కూడా వచ్చింది. రూపాయి రాబడి లేని ప్రోగ్రామ్ మీద అంత ఖర్చు పెట్టలేనివాళ్లు ఎందరో ఉన్నారు. ఇగోర్ పావ్లోవ్ 1999 నుంచి నడుపుతున్న సెవెన్-జిప్‌నే తీసుకోండి. ప్రపంచమంతా వాడే ఆ ఇన్‌స్టాలర్‌కి ఏళ్లుగా సంతకం లేదు. అసలు సైట్ నుంచి దించినా పసుపు కిటికీయే వస్తుంది.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ, కంప్యూటర్‌లోని చెత్త ఫైళ్లు తుడిచే సీక్లీనర్. 2017 ఆగస్టు 15న విడుదలైన దాని 5.33 వెర్షన్ 32 బిట్ ఫైల్‌లోకి దొంగ కోడ్ చొరబడింది. తయారీ వ్యవస్థలోకే దుండగులు దూరడంతో కంపెనీ అసలు సంతకమే ఆ ఫైల్ మీద పడింది. సెప్టెంబరులో సంగతి బయటపడేసరికి సుమారు 22.7 లక్షల మంది కంప్యూటర్లలోకి అది చేరింది. వాళ్లందరికీ కనిపించింది నీలం కిటికీ, సరైన పేరు. సంతకం బలమైన సాక్ష్యమే గానీ, అదొక్కటే చాలదు. అది లేకపోయినంత మాత్రాన ప్రోగ్రామ్‌ని కొట్టిపారేయనూ కూడదు.

ఎక్కడి నుంచి దించాలి

నా దృష్టిలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇదే. ఇంటి కంప్యూటర్లు పాడయ్యేది ఎక్కువగా తప్పు చోటు నుంచి దించడం వల్లే.

సెర్చ్‌లో ప్రోగ్రామ్ పేరు కొట్టగానే పైన వచ్చే ‘స్పాన్సర్డ్’ ఫలితాల్ని వదిలేయండి. పేరున్న ఉచిత ప్రోగ్రాముల నకలు సైట్లకి మోసగాళ్లు డబ్బు కట్టి మరీ ప్రకటనలు వేయిస్తున్నారు. సైట్ అచ్చు గుద్దినట్టు ఉంటుంది, చిరునామాలో ఒక్క అక్షరమో, చివర డాట్ ఆర్గ్ బదులు డాట్ కామో తేడా ఉంటుంది. అసలు చిరునామా పట్టుకోవడానికి మంచి దారి వికీపీడియాలో ఆ ప్రోగ్రామ్ పేజీ. కుడి పక్క పెట్టెలో అధికారిక సైట్ లింకు ఉంటుంది. అది, సెర్చ్‌లో ప్రకటన కాని మొదటి ఫలితం, ఈ రెండూ ఒకే చిరునామా చూపిస్తే ముందుకెళ్లొచ్చు.

డౌన్‌లోడ్ పోర్టళ్లతో జాగ్రత్త ఎందుకంటే, ఫైల్ మంచిదైనా దాని చుట్టూ వాళ్ల సొంత ఇన్‌స్టాలర్ చుట్టి, టూల్‌బార్లూ ప్రకటనల ప్రోగ్రాములూ కలిపి ఇచ్చిన చరిత్ర ఉంది. ఫొటో ఎడిటర్ గింప్ బృందం ఇలాంటి కారణాలతోనే 2013 నవంబరులో సోర్స్‌ఫోర్జ్ అనే డౌన్‌లోడ్ సైట్‌ని వదిలి వెళ్లింది. 2015లో ఆ సైట్ గింప్ విండోస్ ఖాతాని తన చేతిలోకి తీసుకుని చుట్టిన ఇన్‌స్టాలర్ ఇవ్వడంతో పెద్ద రభసే అయ్యింది. 2016లో యాజమాన్యం మారాక ఆ పద్ధతి ఆపేశారు. ఇప్పటికీ ఏ పోర్టల్‌లోనైనా మీరు దించింది ఒకటి రెండు ఎంబీల ‘డౌన్‌లోడర్’ అయితే, అసలు ప్రోగ్రామ్ యాభై ఎంబీలదైతే, దాన్ని తెరవకండి.

మన దేశంలో ఈ సమస్య ఒకసారి విచిత్రంగా ఎదురైంది. వీఎల్‌సీ ప్లేయర్ అధికారిక సైట్ 2022 ఫిబ్రవరి నుంచి ఇండియాలో తెరుచుకోవడం మానేసింది. ప్లేయర్ మీద నిషేధం లేదు, వేసుకున్నవాళ్లకి మామూలుగానే నడిచింది. కొత్తగా కావాల్సినవాళ్లకి మాత్రం అసలు గుమ్మం మూసుకుపోయి దొడ్డిదారులే మిగిలాయి. వీఎల్‌సీని తయారుచేసే వీడియోలాన్ సంస్థ ఇంటర్నెట్ ఫ్రీడమ్ ఫౌండేషన్ సాయంతో లీగల్ నోటీసు పంపాక, నవంబరులో సైట్ మళ్లీ తెరుచుకుంది. ఆ నెలల్లో ఏదో ఒక సైట్ నుంచి దించుకున్న వీఎల్‌సీ మీ దగ్గర ఇంకా ఉంటే, దాన్ని తీసేసి అధికారిక సైట్ నుంచి మళ్లీ వేసుకోవడం మంచిది.

డెవలపర్లు తమ కోడ్, ప్రోగ్రాములు పెట్టే గిట్‌హబ్ సైట్‌లో కొత్తవాళ్లు పడే తికమక వేరు. ఆకుపచ్చ ‘కోడ్’ బటన్ నొక్కితే వచ్చేది ప్రోగ్రామ్ తయారీకి వాడిన మూల కోడ్. అందులో నడిపే ఫైల్ వెతికితే దొరకదు. కుడి పక్కన ‘రిలీజెస్’ నొక్కి, తాజా విడుదల కింద ‘అసెట్స్’ తెరవాలి. అక్కడా ‘సోర్స్ కోడ్’ అని రాసిన రెండిటినీ వదిలేయాలి. మిగిలినవాటిలో ఎక్స్64 అని ఉన్నది ఇప్పటి మామూలు కంప్యూటర్లకి, ఎక్స్86 అన్నది పాత 32 బిట్ విండోస్‌కి, ఆర్మ్64 అన్నది స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న ల్యాప్‌టాప్‌లకి. గిట్‌హబ్‌లో ఖాతా ఎవరైనా తెరవొచ్చు కాబట్టి, డెవలపర్ సొంత సైట్‌లోని లింకు పట్టుకునే అక్కడికి వెళ్లండి.

హ్యాష్ సరిపోల్చడం

చాలా సైట్లు ఫైల్ పక్కన షా-256 అని 64 అక్షరాల పొడుగు వరస ఇస్తాయి. గిట్‌హబ్ కూడా 2025 జూన్ నుంచి కొత్తగా పెట్టిన విడుదల ఫైళ్ల పక్కన దాన్ని తానే చూపిస్తోంది. సెవెన్-జిప్ ఉంటే పోల్చడానికి కమాండ్లు అక్కర్లేదు. ఫైల్ మీద రైట్ క్లిక్, సీఆర్‌సీ షా, షా-256. విండోస్ 11లో ముందు ‘షో మోర్ ఆప్షన్స్’ నొక్కాల్సి రావచ్చు. వచ్చిన వరసని కాపీ చేసి, సైట్ పేజీలో కంట్రోల్ ఎఫ్ నొక్కి పేస్ట్ చేయండి. దొరికితే సరిపోయినట్టు. మొదటి నాలుగు, చివరి నాలుగు అక్షరాలు కంటితో చూసి వదిలేయడం కన్నా ఇది నమ్మకం.

ఇది ఎందుకు అవసరమో హ్యాండ్‌బ్రేక్ ఉదంతం చూపించింది. 2017 మే 2 నుంచి 6 వరకు దాని డౌన్‌లోడ్ సర్వర్లలో ఒకదానిలోని మ్యాక్ ఫైల్‌ని దుండగులు మార్చేశారు. ఆ రోజుల్లో దించుకున్నవాళ్లలో సగం మందికి దొంగ ఫైల్ వచ్చే అవకాశం ఉందని బృందమే ప్రకటించింది. పానిక్ అనే మ్యాక్ సాఫ్ట్‌వేర్ సంస్థ ఆ ఫైల్ వల్లే తన సోర్స్ కోడ్ పోగొట్టుకుంది. హ్యాష్ పోల్చినవాళ్లకి తేడా దొరికిపోయేది.

దీనికీ ఒక హద్దుంది. 2016 ఫిబ్రవరి 20న లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ సైట్‌నే దుండగులు ఆక్రమించి, దాని 17.3 సినమన్ వెర్షన్ డౌన్‌లోడ్ లింకుని దొంగ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ఫైల్) వైపు మళ్లించారు. సైటే వాళ్ల చేతిలో ఉన్నప్పుడు ఆ పేజీలో రాసిన హ్యాష్‌ని ఎలా నమ్మాలి? ఫైల్ ఒక చోట, హ్యాష్ ఇంకో చోట ఉన్నప్పుడే పోలికకి విలువ. విండోస్‌తో వచ్చే వింగెట్ పనిముట్టు ఇదే పద్ధతిలో నడుస్తుంది. ప్రతి ప్రోగ్రామ్‌కీ డౌన్‌లోడ్ చిరునామా, షా-256 దాని జాబితాలో విడిగా రాసి ఉంటాయి. దించిన ఫైల్ హ్యాష్ ఆ జాబితాలో ఉన్నదానితో సరిపోకపోతే అది ఇన్‌స్టాల్ చేయదు. కమాండ్లు ఇష్టం లేనివాళ్లకి దాని మీద యూనిగెట్‌యూఐ అనే కిటికీ ప్రోగ్రామ్ ఉంది.

యాంటీవైరస్ అరిస్తే

వైరస్‌టోటల్ సైట్‌కి 650 ఎంబీల వరకు ఫైల్ పంపితే డెబ్బై వరకు యాంటీవైరస్‌లతో చూసి చెబుతుంది. అక్కడ సంఖ్య ఒక్కటే చూసి తీర్పు ఇవ్వకండి. రెండు మూడు ఇంజన్లే, అవీ అంతగా పేరు లేనివి, ‘జెనరిక్’ లాంటి అస్పష్టమైన పేర్లతో పట్టుకుంటే అది పొరపాటు అయ్యే అవకాశం ఎక్కువ. పైథాన్‌లో రాసి పైఇన్‌స్టాలర్‌తో ఒక్క ఫైల్‌గా చుట్టినవి, ఆటోహాట్‌కీ స్క్రిప్టులు, యూపీఎక్స్ అనే పనిముట్టుతో కుదించినవి తరచూ ఇలా దొరికిపోతాయి. మాల్‌వేర్ రాసేవాళ్లూ అవే పనిముట్లు వాడతారు కాబట్టి పైపొర చూసి యాంటీవైరస్ అనుమానిస్తుంది. నిర్‌సాఫ్ట్ పాస్‌వర్డ్ పనిముట్లది ఇంకో కారణం: సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు చూపించడమే వాటి పని, దొంగలకీ కావాల్సింది అదే. పది ఇంజన్లు దాటితే, అందులో పెద్ద పేర్లు ఉంటే, ‘స్టీలర్’, ‘ట్రోజన్’ లాంటి కచ్చితమైన రకాలు కనిపిస్తే, ఆ ఫైల్ వదిలేయండి. ‘డీటెయిల్స్’ ట్యాబ్‌లో ఆ ఫైల్ మొదట ఎప్పుడు కనిపించిందో తేదీ ఉంటుంది. మూడేళ్ల నాటి వెర్షన్ అని చెప్పే ఫైల్ నిన్ననే మొదటిసారి కనిపించిందంటే అదీ అనుమానించాల్సిందే. అన్నట్టు, అక్కడికి పంపిన ఫైల్ భద్రతా సంస్థలకి అందుతుంది. ఆధార్, బ్యాంకు కాగితాలు అక్కడికి పంపకండి.

యాంటీవైరస్ ఆపేసి ఇన్‌స్టాల్ చేయమని సూచన ఉంటే అక్కడితో ఆగిపోండి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్ ఎక్కువగా పాస్‌వర్డ్ పెట్టిన జిప్‌లో వస్తుంది, పాస్‌వర్డ్ పక్కనే రాసి ఉంటుంది. లోపలున్నది బ్రౌజర్, యాంటీవైరస్ చూడకుండా చేయడానికే ఆ ఏర్పాటు. అందులో దాక్కున్నది బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు, లాగిన్ కుకీలు పట్టుకుపోతుంది. కుకీ పోతే ఓటీపీ కూడా కాపాడదు, ఎందుకంటే అప్పటికే లాగిన్ అయి ఉన్న ఖాతానే దొంగ తెరుస్తాడు.

వేసుకున్నాక నడవకపోతే

అన్నిటికన్నా మామూలు తప్పు, జిప్ లోపలే ప్రోగ్రామ్ మీద డబుల్ క్లిక్ చేయడం. విండోస్ ఆ ఒక్క ఫైల్‌నే తాత్కాలిక ఫోల్డర్‌లోకి తీస్తుంది. పక్కనుండాల్సిన డీఎల్‌ఎల్ ఫైళ్లు (ప్రోగ్రామ్ వాడుకునే సహాయక ఫైళ్లు) రావు, ప్రోగ్రామ్ ఏదో లేదని చెప్పి ఆగిపోతుంది. ముందు ‘ఎక్స్‌ట్రాక్ట్ ఆల్’ చేయాలి. ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే పోర్టబుల్ ప్రోగ్రాములని ప్రోగ్రామ్ ఫైల్స్ ఫోల్డర్‌లో పెట్టకండి. అక్కడ రాయడానికి మామూలు వాడుకరికి అనుమతి ఉండదు కాబట్టి సెట్టింగ్‌లు నిలవవు. డీ డ్రైవ్‌లో ‘టూల్స్’ అని ఒక ఫోల్డర్ పెట్టుకుంటే చాలు.

వీసీరన్‌టైమ్140 లేదా ఎంఎస్‌వీసీపీ140 డీఎల్‌ఎల్ దొరకలేదని వస్తే, ఆ ఒక్క ఫైల్‌ని డీఎల్‌ఎల్ సైట్ల నుంచి దించకండి. మైక్రోసాఫ్ట్ సైట్‌లో విజువల్ సీ++ రీడిస్ట్రిబ్యూటబుల్ ఉంది, అది వేయాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు: విండోస్ 64 బిట్ అయినా ప్రోగ్రామ్ 32 బిట్‌ది అయితే ఎక్స్86 ప్యాకేజీయే కావాలి. రెండూ వేసుకుంటే ఏ గొడవా ఉండదు. హ్యాండ్‌బ్రేక్ లాంటివి డాట్‌నెట్ డెస్క్‌టాప్ రన్‌టైమ్ అడిగితే అదీ మైక్రోసాఫ్ట్ సైట్ నుంచే తీసుకోండి.

తెలుగువాళ్లకి ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కొకటుంది. ఫోల్డర్ పేరు తెలుగులో పెడితే పాత ప్రోగ్రాములు కొన్ని ఫైల్ తెరవలేవు, పేరు బదులు ప్రశ్నార్థకాలు చూపిస్తాయి. విండోస్‌లో తెలుగుకి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకీ ఒకటే సంకేతాల పద్ధతి) తప్ప పాతకాలపు కోడ్ పేజీ (ఒక్కో లిపికి విడిగా ఉండే అక్షరాల పట్టిక) అంటూ లేదు. యూనికోడ్ ఎరగని ప్రోగ్రామ్‌కి మన అక్షరాలు అసలు అందవు. విండోస్ ఖాతానే తెలుగు పేరుతో తెరిస్తే ఇంకా కష్టం, వాడుకరి ఫోల్డర్ కూడా తెలుగులోనే ఏర్పడుతుంది. తర్వాత ఖాతా పేరు మార్చినా ఫోల్డర్ పేరు మారదు. ఖాతాని ఇంగ్లిష్ అక్షరాలతో తెరిచి, ఆ తర్వాత కనిపించే పేరుని తెలుగులోకి మార్చుకోండి. సిస్టమ్ లొకేల్ సెట్టింగ్‌లో యూటీఎఫ్-8 బీటా అనే టిక్ ఈ ఇబ్బందిని కొంత తీరుస్తుంది. అయితే పేజ్‌మేకర్‌లో యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లతో డీటీపీ చేసేవాళ్లు దాని జోలికి వెళ్లకండి. ఆ ఫాంట్లు పాత కోడ్ పేజీని నమ్ముకునే నడుస్తాయి, అక్షరాలు చెదిరిపోవచ్చు.

తెలుగు టైపింగ్ కోసం గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఆఫ్‌లైన్ ఫైల్ వెతికేవాళ్లు ఇంకా ఉన్నారు. గూగుల్ దాన్ని ఇవ్వడం మానేసి ఏళ్లయింది, ఇప్పుడు దొరికేవన్నీ ఎవరెవరో పెట్టిన కాపీలు. విండోస్ 10 మే 2019 అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ లోపలే ఉంది. సెట్టింగ్స్‌లో భాషల పేజీకి వెళ్లి తెలుగు కలిపి, దాని ఆప్షన్స్‌లో ‘యాడ్ కీబోర్డ్’ నొక్కి ఫొనెటిక్ ఎంచుకోండి. ఏమీ దించనక్కర్లేదు.

ఉచితం అన్న మాటకీ షరతులుంటాయి. ఇర్ఫాన్‌వ్యూ ఇంట్లో వాడితే ఉచితం, జిరాక్స్ షాపులోనో ఫొటో స్టూడియోలోనో వాడితే లైసెన్స్ కొనాలి. సెవెన్-జిప్ ఎక్కడైనా ఉచితమే.

చివరగా అప్‌డేట్లు. సెవెన్-జిప్ తనంతట తాను అప్‌డేట్ కాదు, కొత్తది వచ్చిందని చెప్పను కూడా చెప్పదు. ఇంటర్నెట్ చీటీని దాటించే లోపం ఒకటి 24.09కి ముందరి వెర్షన్లలో ఉండేది. ఉక్రెయిన్ మీద జరిగిన సైబర్ దాడుల్లో దాన్ని నిజంగానే వాడారు. 2024 నవంబరులో విడుదలైన 24.09లో అది సరిచేశారు. మీ కంప్యూటర్‌లో సెవెన్-జిప్ తెరిచి, హెల్ప్ మెనూలో ‘అబౌట్’ చూడండి. అక్కడ 24.09 కన్నా తక్కువ అంకె ఉంటే అధికారిక సైట్ నుంచి కొత్తది దించి పాతదాని మీదే ఇన్‌స్టాల్ చేయండి. పాతది తీసేయనక్కర్లేదు, మీ సెట్టింగ్‌లు అలాగే ఉంటాయి.